ఆకాశపు ముప్పులు, విశ్వపు మౌనం

గ్రహశకలాలు, తోకచుక్కలు, సౌర తుపానులు, నక్షత్రాల పేలుళ్ళు, గామా కిరణాల మెరుపులు. భూమి మీది ప్రాణికోటికి ఆకాశం నుంచి రాగల ముప్పులు ఇవి. ఇంత విశాలమైన విశ్వంలో మనలాంటి మరో నాగరికత జాడ ఇప్పటిదాకా ఒక్కటీ దొరకకపోవడం ఇంకో సంగతి. పైకి వేరువేరుగా కనబడే ఈ రెంటినీ ఖగోళ శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా కలిపి ఆలోచిస్తున్నారు. ఆకాశం ప్రాణాన్ని మాటిమాటికీ తుడిచిపెట్టేదే అయితే అవతల ఎవరూ లేకపోవడంలో వింతేమీ లేదు. అంత కఠినమైనది కాకపోతే, మరి వాళ్ళంతా ఎక్కడున్నారు?

నాట్రంపల్లి గుంత

    తమిళనాడులోని ధర్మపురి నుంచి ఈశాన్యంగా ఊత్తంగరై మీదుగా తిరుపత్తూరు చేరితే ఆ పైన జవ్వాదు కొండలు. మన విషయంతో సంబంధం ఉన్న రెండు చోట్లు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. ఒకటి నాట్రంపల్లి, రెండోది కావలూరు.

2016 ఫిబ్రవరి 6న నాట్రంపల్లి దగ్గర ఒక ఇంజినీరింగ్ కళాశాల ఆవరణలో పెద్ద పేలుడు జరిగింది. కిటికీల అద్దాలు, బస్సుల అద్దాలు పగిలిపోయాయి. నేల మీద చిన్న గుంత పడింది. దగ్గర్లో ఉన్న ఒక బస్సు డ్రైవరు ప్రాణాలు పోగొట్టుకున్నాడు, మరికొందరు గాయపడ్డారు. పడింది ఉల్క అని రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించి, ఆ కుటుంబానికి పరిహారం ఇచ్చింది. ఉల్క వల్ల మనిషి చనిపోయిన తొలి ఘటన ఇదేనంటూ ప్రపంచ పత్రికలు రాశాయి. నాసా మాత్రం, బయటికొచ్చిన ఫొటోలను బట్టి చూస్తే అది నేల మీద జరిగిన పేలుడులాగే ఉందని చెప్పింది.

నాసా అలా అనడానికి కారణం ఉంది. గులకరాయంత, పిడికెడంత ఉల్క గాలి రాపిడికి తన వేగమంతా పోగొట్టుకుంటుంది. చివరి కొన్ని కిలోమీటర్లు కొండ మీంచి జారిన రాయిలాగే మామూలుగా కిందికి వస్తుంది. అది పేలదు, నిప్పు రాజేయదు. నేలను తవ్వి అద్దాలు పగలగొట్టాలంటే రాయి చాలా పెద్దదై ఉండాలి. అంత పెద్దది వస్తే ఆ వెలుగు, ఆ చప్పుడు చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ తెలియాలి. నాట్రంపల్లిలో అలాంటి వెలుగును ఎవరూ చూడలేదు. ఒక మనిషి చనిపోయిన చోట తొందరపడి ఆకాశాన్ని నిందిస్తే అసలు కారణం వెతికే పని అక్కడే ఆగిపోతుంది. ఆ ఘటనలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

ఉల్క తగిలి మనుషులు చనిపోవడం అసాధ్యమేమీ కాదు. 1888 ఆగస్టు 22న నేటి ఇరాక్‌లోని సులేమానియా ప్రాంతంలో ఒకరు చనిపోయారనీ, మరొకరికి పక్షవాతం వచ్చిందనీ ఓట్టోమాన్ ప్రభుత్వ దస్త్రాల్లో ఉన్న సంగతిని పరిశోధకులు 2020లో బయటపెట్టారు. 1954లో అమెరికాలోని అలబామాలో ఇంటి పైకప్పు చీల్చుకుని వచ్చిన రాయి సోఫాలో పడుకున్న ఒక గృహిణి తుంటికి తగిలింది. ఆమె బతికింది. మన దక్షిణాదిలోనూ ఉల్కలు పడ్డాయి. 1852లో నెల్లూరు ప్రాంతంలో పడిన రాయి, 1857లో మదురై వైపు పెరునాళి దగ్గర పడిన పెద్ద రాయి ప్రపంచ మ్యూజియాల జాబితాల్లో ఉన్నాయి. వాటి వల్ల ఎవరికీ హాని జరగలేదు.

రాజమహేంద్రవరం నల్లరాయి చెప్పే కథ

చిన్న రాళ్ళ సంగతి అది. పెద్దవి వేరు. 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కా మీద గాలిలోనే పేలిన వస్తువు సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల అడవిని పడగొట్టింది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద 20 మీటర్లకు కాస్త అటూ ఇటూ ఉన్న రాయి పేలింది. దాదాపు 1,500 మంది గాయపడ్డారు, ఎక్కువమంది గాజు పెంకుల వల్లే. మెరుపు చూసి కిటికీ దగ్గరికి పరుగెత్తిన వాళ్ళను కాసేపటికి వచ్చిన పేలుడు తరంగం కొట్టింది. వింత వెలుగు కనబడితే కిటికీకి దూరంగా వెళ్ళాలన్నది ఆ రోజు నేర్చుకున్న పాఠం.

అన్నిటికంటే పెద్ద సాక్ష్యం 6.6 కోట్ల ఏళ్ళనాటిది. సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలం నేటి మెక్సికోలోని చిక్సులూబ్ దగ్గర పడింది. దాదాపు 180 కిలోమీటర్ల వెడల్పున బిలం ఏర్పడింది. డైనోసార్లలో పక్షులుగా మారిన శాఖ తప్ప మిగతావన్నీ నశించాయి. 1980లో లూయిస్ అల్వారెజ్, ఆయన కుమారుడు వాల్టర్, వారి సహచరులు ఆ కాలపు సన్నని మట్టి పొరలో ఇరిడియం అసాధారణంగా ఎక్కువగా ఉందని చూపించి ఈ వాదానికి పునాది వేశారు. భూమి పైపొరలో అరుదైన ఆ లోహం గ్రహశకలాల్లో ఎక్కువగా ఉంటుంది.

ఈ కథలో తెలుగు నేలకూ చోటుంది. రాజమహేంద్రవరం పక్కన కాతేరులోనూ, గోదావరికి పడమట పంగిడి, దుద్దుకూరు వైపూ నల్లరాతి క్వారీలున్నాయి. రోడ్ల మీద పరిచే కంకర అక్కడి నుంచి వస్తుంది. ఆ నల్లరాయి దక్కను లావా. పడమటి కనుమల వైపు భూమి చీలి పొంగిన లావా 1,000 కిలోమీటర్లకు పైగా ప్రవహించి ఇక్కడికి చేరిందని భూవిజ్ఞానులు అంటారు. నిజంగా అంత దూరం వచ్చినదే అయితే భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో అది ఒకటి. రెండు లావా పొరల మధ్య అప్పటి సముద్రపు మట్టి చిక్కుకుపోయింది. అందులో కంటికి కనబడనంత చిన్న సముద్రజీవుల గుల్లలున్నాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, సహచరులు ఈ గుల్లల్నీ, కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్విన బావుల నమూనాల్నీ పరిశీలించారు. లావా ప్రధాన దశ ముగిసే సమయం, సామూహిక వినాశనం జరిగిన సమయం దాదాపు ఒకటేనని 2008లో చెప్పారు. డైనోసార్లను చంపింది ఆకాశపు రాయా, భూమి కడుపులోని అగ్నా అన్న వాదన ఇంకా నడుస్తోంది. చిక్సులూబ్ దెబ్బే ప్రధానమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అప్పటికే లావా పొగలతో ప్రాణులు నీరసించి ఉన్నాయనేవాళ్ళూ ఉన్నారు. ఈసారి రాజమహేంద్రవరం దారిలో కంకర లారీ ఎదురైతే, ఆ వినాశనానికి సాక్షిగా నిలిచిన రాళ్ళు అందులో ఉన్నాయని గుర్తుంచుకోండి.

కావలూరు కల్కి

జవ్వాదు కొండల్లో, సముద్రమట్టానికి 700 మీటర్లకు పైన కావలూరు ఉంది. అక్కడి వేధశాలకు వైనుబప్పు పేరు పెట్టారు. మణలి కల్లాట్ వైనుబప్పు మలయాళీ కుటుంబంలో పుట్టినా పెరిగింది హైదరాబాదులో. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో హార్వర్డ్ వెళ్ళిన బప్పు 1949లో అక్కడ ఒక తోకచుక్కను కనుగొన్నారు. బప్పు–బాక్–న్యూకిర్క్ తోకచుక్క అని దాని పేరు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థకు రూపమిచ్చి, చీకటి ఆకాశం కోసం కావలూరును ఎంచుకున్నది ఆయనే. 1982లో ఆయన చనిపోయారు. 1986లో అక్కడి 2.3 మీటర్ల టెలిస్కోపు ప్రారంభమైనప్పుడు దానికీ, వేధశాలకూ ఆయన పేరే పెట్టారు.

ఈ కొండ మీద 1980లలో గ్రహశకలాల వేట ఒకటి నడిచింది. దాని పేరు 'కల్కి'. యుగాంతంలో రావలసిన అవతారం పేరును, యుగాంతం తేగల రాళ్ళను వెతికే పనికి పెట్టుకున్నారు. ఆర్. రాజమోహన్ నాయకత్వంలో ష్మిట్ టెలిస్కోపుతో ఆకాశంలో ఒకే భాగాన్ని కొంత వ్యవధి ఇచ్చి మళ్ళీ మళ్ళీ ఫొటో తీసేవారు. నక్షత్రాలు ఎక్కడివక్కడే ఉంటాయి. గ్రహశకలం మాత్రం ఆ కొద్దిసేపట్లోనే పక్కకు జరిగి ఉంటుంది. వేల చుక్కల్లో జరిగిన ఆ ఒక్క చుక్కను కళ్ళతో పట్టుకోవాలి. 1988 ఫిబ్రవరిలో అలా దొరికిన ఒక శకలానికి తర్వాత 4130 రామానుజన్ అని పేరొచ్చింది. కుజ గురు గ్రహాల మధ్య తిరిగే శకలం అది, దాని వల్ల మనకు భయం లేదు. మన దేశం నుంచి గ్రహశకలాన్ని కనుగొని అప్పటికి వందేళ్ళు దాటింది. అంతకుముందు మద్రాసు వేధశాలలో నార్మన్ పాగ్సన్ 1861లో 'ఏషియా'తో మొదలుపెట్టి 1885 దాకా కొన్నింటిని పట్టుకున్నాడు.

కల్కి లాంటి వేటను ఇవాళ ప్రపంచమంతా పెద్ద ఎత్తున చేస్తోంది. భూమి దారికి దగ్గరగా వచ్చే శకలాలు 35 వేలకు పైగా ఇప్పుడు లెక్కలో ఉన్నాయి. వాటిలో కిలోమీటరు దాటినవి దాదాపు అన్నీ తెలిసిపోయాయి, రాబోయే వందేళ్ళలో వాటిలో ఏదీ మనల్ని తాకదు. 100, 200 మీటర్ల సైజువి ఇంకా చాలా మిగిలే ఉన్నాయి. అపోఫిస్ అనే శకలం 2029 ఏప్రిల్ 13న భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల దగ్గరగా వెళుతుంది. అంటే మన టీవీ ప్రసారాల ఉపగ్రహాల కంటే దగ్గరగా. తాకదని లెక్కలు తేల్చాయి. తాకేలా ఉంటే దారి మళ్ళించడం సాధ్యమేనా? సాధ్యమేనని 2022 సెప్టెంబరు 26న రుజువైంది. నాసా పంపిన డార్ట్ నౌక, మరో శకలం చుట్టూ తిరిగే సుమారు 160 మీటర్ల డైమోర్ఫస్‌ను ఢీకొట్టి, 11 గంటల 55 నిమిషాల దాని కక్ష్యా కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. ప్రాణం పుట్టినప్పటి నుంచీ రాయి రావడం, ప్రాణులు చావడమే జరిగింది. రాయి దారిని ఒక ప్రాణి మార్చడం అదే మొదటిసారి.

సూర్యుడూ, దూరపు నక్షత్రాలూ

1859 సెప్టెంబరు 1న ఖగోళ శాస్త్రవేత్త రిచర్డ్ కారింగ్టన్ సూర్యుడి మీద తెల్లని మెరుపును చూశాడు. మర్నాడు భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైంది, తంతి తీగలు నిప్పురవ్వలు రాల్చాయి. బొంబాయిలోని కొలాబా వేధశాల పరికరాలు ఆ తుపానును నమోదు చేశాయి. ఇవాళ్టికీ పరిశోధకులు ఆ కాగితాలను తిరగేస్తారు. 1989 మార్చి 13న ఇలాంటిదే, అంతకంటే చిన్న తుపానుకు కెనడాలోని క్యూబెక్‌లో తొమ్మిది గంటలు కరెంటు పోయింది. క్రీ.శ. 774–775లో అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది వచ్చిందని జపాన్ దేవదారు చెట్ల వలయాల్లో ఫుసా మియాకే 2012లో కనుగొన్నారు. సౌర తుపాను మనుషుల్ని నేరుగా చంపదు. కరెంటు, ఉపగ్రహాలు, ఫోన్ల మీద నడిచే బతుకును ఆపుతుంది. ప్రాణికంటే నాగరికతకే ఎక్కువ ముప్పు తెచ్చే అరుదైన ప్రమాదం ఇది.

ధర్మపురికి నైరుతిగా నీలగిరుల్లో, ఊటీలో, టాటా పరిశోధన సంస్థ వారి గ్రేప్స్–3 అనే పరిశీలన కేంద్రం ఉంది. విశ్వకిరణాల వల్ల పుట్టే మ్యూయాన్లు అనే కణాలను అది లెక్కపెడుతుంది. 2015 జూన్ 22న రెండు గంటలపాటు ఆ లెక్క ఉన్నట్టుండి పెరిగింది. సూర్యుడి నుంచి వచ్చిన ప్లాస్మా తాకిడికి భూమి అయస్కాంత కవచం కాసేపు బలహీనపడిందని వాళ్ళు తేల్చారు. ఆ దెబ్బలను దూరంనుంచే పసిగట్టడానికి 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య ఎల్–1 నౌక బయల్దేరింది. ఇప్పుడు అది 15 లక్షల కిలోమీటర్ల దూరాన సూర్యుడికి ఎదురుగా కూర్చుని ఉంది.

కొన్ని నక్షత్రాలు చనిపోయేటప్పుడు పేలతాయి. పెద్ద నక్షత్రాల గుండె కుప్పకూలడం ఒక దారి. రెండో దారి శ్వేత కుబ్జానిది, అంటే ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన నక్షత్రానిది. దాని బరువు సూర్యుడికి 1.4 రెట్ల దగ్గరికి వస్తే అది నిలవలేదు. ఆ హద్దును సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్కగట్టారు. ఇలాంటి పేలుడు సుమారు 30 కాంతి సంవత్సరాల లోపల జరిగితే ఓజోను పొర దెబ్బతింటుంది. మనం ఆర్ద్ర అని పిలిచే ఎర్ర నక్షత్రం ఎప్పుడో ఒకనాడు పేలుతుంది. అది 500 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది కనుక వెలుగే తప్ప హాని ఉండదు. సముద్రగర్భపు పొరల్లో దొరికే ఇనుము–60 అనే ఐసోటోపు, గత కొన్ని పదుల లక్షల ఏళ్ళలో మరీ దూరం కాని చోట నక్షత్రాలు పేలాయని చెబుతోంది. అప్పటి మన పూర్వజులు ఆ వెలుగును పగటిపూట కూడా చూసి ఉండాలి. వాళ్ళు బతికారు, మనమే అందుకు రుజువు.

గామా కిరణ మెరుపులు వీటన్నిటికంటే తీవ్రమైనవి. రహస్య అణుపరీక్షలను కనిపెట్టడానికి అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలు 1967లో వీటిని మొదట చూశాయి, 1973లో లోకానికి తెలిసింది. 2022 అక్టోబరు 9న వచ్చినది ఇప్పటిదాకా చూసినవాటిలో అతి ప్రకాశమైనది. సుమారు 200 కోట్ల కాంతి సంవత్సరాల అవతల పుట్టినా మన అయనోస్ఫియర్‌ను కదిలించింది, భారతదేశంలో పిడుగులను గుర్తించే పరికరాలు సైతం దాన్ని పట్టుకున్నాయి. అంత దూరం నుంచే ఇలా ఉంటే మన పాలపుంతలోనే, మన వైపుకే తిరిగి పేలితే? దాదాపు 44 కోట్ల ఏళ్ళ కిందటి ఆర్డోవిషియన్ వినాశనానికి ఇదే కారణమై ఉండవచ్చని 2004లో ఏడ్రియన్ మెలాట్ బృందం ప్రతిపాదించింది. ఊహకు తర్కం ఉంది, సాక్ష్యం మాత్రం ఇంకా దొరకలేదు. శ్రీహరికోట నుంచే 2015లో వెళ్ళిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం ఇలాంటి మెరుపులను 500కు పైగా పట్టుకుంది.

ప్రాణం ఎంత మొండిదో హైదరాబాదు బెలూన్ చెప్పింది

ముప్పులను లెక్కపెట్టడం ఒక ఎత్తు. వాటికి ప్రాణం ఎంత లొంగుతుందో తెలుసుకోవడం మరో ఎత్తు. 2005 ఏప్రిల్ 20న హైదరాబాదులోని జాతీయ బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ప్రయోగం కోసం ఒక పెద్ద బెలూన్ ఎగిరింది. దానికి వేలాడిన పరికరం బరువు 459 కిలోలు, అందులో 38 కిలోల ద్రవ నియాన్. స్టెరిలైజు చేసిన స్టీలు గొట్టాలను ఆ నియాన్‌లో ముంచి అతిశీతలంగా ఉంచారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున గొట్టాల మూతలు తెరిస్తే చుట్టూ ఉన్న గాలి లోపలికి వచ్చి గడ్డకట్టేది. తర్వాత మూతలు మూసి, పారాచూట్ల మీద దించి, నమూనాలను హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధనశాల సీసీఎంబీలోనూ, పుణేలోని ఎన్‌సీసీఎస్‌లోనూ విడివిడిగా పరీక్షించారు. అంత ఎత్తు గాలిలో ప్రాణాన్ని వెతకాలన్న ఆ ఆలోచన వెనుక ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ ఉన్నారు. 12 బాక్టీరియా, 6 బూజు జాతుల కాలనీలు పెరిగాయి. వాటిలో మూడు లోకానికి కొత్తవి. ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. తమ దగ్గరి బంధువుల కంటే అవి అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకుంటాయని తేలింది.

అవి బయటి నుంచి వచ్చినవని ఇస్రో అనలేదు, అనకపోవడమే సరి. భూమి నుంచి పైకెళ్ళినవే కావచ్చు. మన ప్రశ్నకు కావలసింది మాత్రం ఆ గొట్టాల్లో దొరికింది. గాలి దాదాపు లేని, గడ్డకట్టే చలిలో, రక్షణ లేని ఎండలో కూడా ప్రాణం నిలుస్తుంది. సూక్ష్మజీవులను తుడిచిపెట్టాలంటే గ్రహశకలం చాలదు, నక్షత్రపు పేలుడూ చాలదు. పెద్ద ఒళ్ళు, ఎక్కువ తిండి, ఆలోచించే మెదడు ఉన్న జీవులే ముందు పోతాయి. ఆకాశం మొదట దెబ్బకొట్టేది నాగరికత కాగల ప్రాణులనే.

మరి వాళ్ళెక్కడ?

1950 వేసవిలో లాస్ అలమోస్‌లో మధ్యాహ్న భోజనం దగ్గర భౌతిక శాస్త్రవేత్తలు ఎన్రికో ఫెర్మీ, ఎడ్వర్డ్ టెల్లర్, ఎమిల్ కొనోపిన్‌స్కీ, హెర్బర్ట్ యార్క్ మాట్లాడుకుంటుండగా ఫెర్మీ ఉన్నట్టుండి ఈ ప్రశ్న వేశాడు. లెక్క తేలికే. పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. కాంతి వేగంలో నూరో వంతు వేగంతో సాగినా కోటి ఏళ్ళలో దాటవచ్చు. పాలపుంత వయసు వెయ్యి కోట్ల ఏళ్ళు దాటింది. మనకంటే ముందు ఒక్క నాగరికత పుట్టి విస్తరించినా ఇప్పటికి ఇక్కడికి వచ్చి ఉండాలి. రాలేదు కాబట్టి ఎవరూ లేరని 1975లో మైకేల్ హార్ట్ తేల్చేశాడు. 1961లో ఫ్రాంక్ డ్రేక్ గ్రీన్‌బ్యాంక్‌లో రాసిన సమీకరణం దీనికి మరో వైపు. ఎన్ని నక్షత్రాలు, ఎన్నింటికి గ్రహాలు, ఎన్నింటిలో ప్రాణం, ఎన్నింటిలో తెలివి, ఆ తెలివి ఎంతకాలం నిలుస్తుంది అన్న అంకెల గుణకారం అది. చివరి అంకెలోకే ఈ వ్యాసంలోని ముప్పులన్నీ వచ్చి చేరతాయి.

1999లో జేమ్స్ ఆనిస్ ఆకాశపు ముప్పులు, విశ్వపు మౌనం అనే రెండు దారాలను ముడివేశాడు. ఒకప్పుడు పాలపుంతలో గామా మెరుపులు ఎక్కువగా ఉండేవి, ప్రాణం ఎదిగేలోపే అవి కొట్టేవి, ఇప్పుడిప్పుడే తగ్గాయి, కాబట్టి అందరూ ఒకే సమయంలో తెలివికి వస్తున్నారు అన్నాడు. అతని మాట నిజమైతే మనం ఆలస్యంగా వచ్చినవాళ్ళం కాదు, మొదటి వరుసలోని వాళ్ళం. రాబిన్ హాన్సన్ 1996లో 'మహా వడపోత' అన్నాడు. మట్టి నుంచి నక్షత్రాల దాకా ఎదిగే దారిలో ఎక్కడో ఒకచోట దాదాపు అందరూ రాలిపోయే మెట్టు ఉంది. అది మన వెనక ఉందా, ముందుందా? వెనకైతే అదృష్టం, ముందైతే జాగ్రత్త.

అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు ఇంటిపేరు ఈ చర్చలో తరచూ వినబడుతుంది. నాసా గొడార్డ్ కేంద్రంలో గ్రహ శాస్త్రవేత్త కొప్పరపు రవికుమార్. నక్షత్రం చుట్టూ నీరు నిలవగల మేరను ఆయన, సహచరులు 2013లో కొత్తగా లెక్కగట్టారు. సూర్యుడి విషయంలో ఆ మేర లోపలి అంచు భూమి–సూర్యుల దూరానికి 0.99 వంతు, బయటి అంచు సుమారు 1.7 రెట్లు. అంటే మనం లోపలి గట్టు మీద నిలబడి ఉన్నాం. సూర్యుడు నెమ్మదిగా వేడెక్కుతున్నాడు. ఇంకో 100 కోట్ల ఏళ్ళకు సముద్రాలు నిలవవు. భూమి మీద ప్రాణం పుట్టి 350 కోట్ల ఏళ్ళు దాటింది, మనిషి వచ్చింది సుమారు 3 లక్షల ఏళ్ళ కిందట. ఇచ్చిన గడువులో మూడు వంతులకు పైగా గడిచాక గానీ తెలివి రాలేదు. మిగతా గ్రహాల్లోనూ ఇంత ఆలస్యమే అయితే, చాలాచోట్ల గడువు ముందే అయిపోయి ఉంటుంది. పైగా పాలపుంతలోని నక్షత్రాల్లో నాలుగింట మూడు వంతులు ఎర్ర కుబ్జాలు. వాటికి దగ్గరగా తిరిగే గ్రహాలను ఆ నక్షత్రాల జ్వాలలే మాటిమాటికీ కాలుస్తాయి. సూర్యుడి తర్వాత మనకు అత్యంత సమీపమైన నక్షత్రం ప్రాక్సిమా కూడా అలాంటిదే. నా ఉద్దేశంలో గామా మెరుపుల కంటే ఈ రోజువారీ జ్వాలలే మౌనానికి బలమైన కారణం.

మనం వెతికింది ఎంత అన్నదీ చూడాలి. 1960లో డ్రేక్ రెండే రెండు నక్షత్రాల వైపు చెవి పెట్టాడు. 1977 ఆగస్టు 15న అమెరికాలోని ఒహాయోలో 72 సెకన్లపాటు వచ్చిన ఒక సంకేతం మళ్ళీ వినబడలేదు. ఇప్పటిదాకా చేసిన అన్వేషణను మహాసముద్రంతో పోలిస్తే ఒక చిన్న ఈత కొలను నీళ్ళంత అని 2018లో లెక్కగట్టారు. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో ఆండర్స్ శాండ్‌బెర్గ్, ఎరిక్ డ్రెక్స్‌లర్, టోబీ ఆర్డ్, డ్రేక్ సమీకరణంలో మనకున్న అనిశ్చితినంతా నిజాయితీగా ఉంచి లెక్కిస్తే మనం ఒంటరివాళ్ళం కావడంలో ఆశ్చర్యపోవలసినదేమీ లేదని చూపించారు. వినబడటానికి ఎవరైనా మాట్లాడాల్సిన అవసరం కూడా లేదు. పరిశ్రమలు, వాహనాలు వదిలే నైట్రోజన్ డయాక్సైడును దూరపు గ్రహాల గాలిలో గుర్తించవచ్చని రవికుమార్ బృందం 2021లో రాసింది. పొగ కూడా చిరునామా కాగలదన్నమాట.

మన తరఫున ఒక పలకరింపు మాత్రం వెళ్ళిపోయింది. 1977లో బయల్దేరిన రెండు వాయేజర్ నౌకల్లోని బంగారు పూత రికార్డు మీద 55 భాషల్లో శుభాకాంక్షలున్నాయి. వాటిలో తెలుగు ఒకటి. వాయేజర్–1 మరో నక్షత్రానికి కాస్త దగ్గరగా వెళ్ళడానికే సుమారు 40 వేల ఏళ్ళు పడుతుంది.

1910లో హేలీ తోకచుక్క వచ్చి, భూమి దాని తోకలోంచి వెళ్ళినప్పుడు విషవాయువుతో అందరూ చస్తారని దేశదేశాల్లో గగ్గోలు పుట్టింది. అదే ఏడాది గురజాడ 'ముత్యాల సరాలు' రాస్తూ ఆ తోకచుక్కను అరిష్టంగా కాక చుట్టంలా చూశారు. ఆకాశాన్ని చూసే పద్ధతి అదే అని నేను నమ్ముతాను. భయపడి కళ్ళు మూసుకోవడం కంటే, కళ్ళు తెరిచి కొలవడం మేలు.

ఆ కొలతకు మామూలు మనిషీ తోడ్పడవచ్చు. మీ పొలంలోనో పెరట్లోనో పైనుంచి రాయి పడిందని తెలిస్తే అయస్కాంతం ఆనించి చూడకండి. దానిలో కోట్ల ఏళ్ళుగా నిలిచిన అయస్కాంత ముద్ర ఆ ఒక్క స్పర్శతో చెరిగిపోతుంది. కడగకండి, పగలగొట్టకండి, పూజకు పెట్టి పసుపు రాయకండి. శుభ్రమైన అల్యూమినియం రేకులో చుట్టి, పడిన చోటు, వేళ రాసుకుని, రెవెన్యూ అధికారులకో పోలీసులకో చెప్పండి. వాళ్ళ ద్వారా అది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చేరుతుంది. మన దేశంలో పడిన ఉల్కలను భద్రపరిచే బాధ్యత ఆ సంస్థదే.